మందులు ఆగిపోయాక మొదలైన టెన్షన్

మా అబ్బాయికి లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) ట్రీట్‌మెంట్ పూర్తయింది, రిపోర్టులన్నీ బాగున్నాయి. "ఇంక మామూలే కదా, మార్కులెందుకు తగ్గుతున్నాయి?" అని ఎవరైనా అడిగితే మనసు చివుక్కుమంటుంది.

వాడిది బద్ధకం కాదండీ. లెక్క చేయడం వచ్చు. కానీ బోర్డు మీద రెండో లైను రాసుకునేలోపు టీచర్ నాలుగో లైనులో ఉంటారు. విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందుతో వేళ్ల నరాలు దెబ్బతిని పెన్ను మీద పట్టు సడలొచ్చు. వెన్నులోకి ఎక్కించే మెథోట్రెక్సేట్ మందు, అంతకంటే ఎక్కువగా తలకు ఇచ్చే రేడియేషన్, కొందరు పిల్లల్లో ఏకాగ్రతనీ ఆలోచనా వేగాన్నీ తగ్గిస్తాయి. చికిత్స ముగిసిన కొన్నేళ్లకు కూడా ఇది బయటపడొచ్చు. సిస్‌ప్లాటిన్ అనే మరో క్యాన్సర్ మందు వాడిన పిల్లలకైతే వినికిడి తగ్గే ప్రమాదం ఉంది. పాఠం సరిగ్గా వినబడని పిల్లాడికి పరధ్యానం అని పేరు పెట్టేస్తారు, పాపం.

ఈసారి టీచర్ నోట్స్ ముందే ప్రింట్ తీసిచ్చారు, పరీక్షలో అదనపు టైమ్ ఇచ్చారు. మావాడు ఆఖరి ప్రశ్న దాకా రాశాడు! ఆ పేపర్ ఎన్నిసార్లు తిరగేశానో.

మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే డాక్టర్‌ని అడిగి న్యూరోసైకాలజీ పరీక్ష (ఏకాగ్రత, ఆలోచనా వేగం లాంటివి కొలిచే పరీక్ష) చేయించండి. ఆ రిపోర్టు పట్టుకెళ్లి, మొహమాటపడకుండా స్కూల్లో అదనపు టైమ్ అడగండి.