పసుపు బెల్టు దాకా

పాపకు ఆరో ఏడు రాగానే కరాటేలో చేర్చాలని ఇంట్లో తీర్మానమైంది. మా సందు మొదట్లోనే ఒక శిక్షణ కేంద్రం ఉంది. ఏడాదిలో బ్లాక్ బెల్టు అని గోడ మీద రాసి, పక్కనే ఫీజు వాయిదాల పట్టిక అంటించారు. ఏళ్ల తరబడి సాధన చేస్తే గాని రానిదాన్ని ఆరేళ్ల పిల్లకు ఏడాదిలో ఇస్తే, అది నడుముకు చుట్టుకునే గుడ్డ మాత్రమే. ఇంకోచోట ఆలస్యంగా వచ్చిన పిల్లాడి చేత పిడికిళ్ల మీద దండీలు తీయించడం కళ్లారా చూసి, దరఖాస్తు నింపకుండానే లేచి వచ్చేశాం.

చివరికి కమ్యూనిటీ హాలులో షోటోకాన్ అనే కరాటే శైలి నేర్పే ఒక మాస్టారి దగ్గర కుదిరింది. ‘ముందు కొన్నాళ్లు వచ్చి చూడండి. పిల్లకు నచ్చితే అప్పుడు డ్రెస్సు కొందురుగాని’ అన్నారాయన. క్లాసులో సగం సేపు ఆటలే. ఒంటికాలి మీద నిలబడటం, ఎలుగుబంటి నడక, ‘యమే’ (ఆగు) అనగానే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోవడం. పరుగు మధ్యలో ఆగడం చేతనైన పిల్లలకే ఆయన గుద్దు నేర్పుతారు. నాకు నచ్చింది అదే.

పిడికిలి పట్టడానికే చాలా రోజులు పట్టింది. చిన్నపిల్లలను పిడికిలి బిగించమంటే బొటనవేలిని లోపల దాచేస్తారు. అలా గుద్దితే దెబ్బతినేది ఆ వేలే. నాలుగు వేళ్లనూ కొసల నుంచి అరచేతిలోకి గట్టిగా ముడిచి, బొటనవేలిని బయట అడ్డంగా బిగించాలి. ఎదుటివారికి తగలాల్సింది చూపుడు, మధ్య వేళ్ల కణుపులు మాత్రమే. మా పాప అన్నం తింటూ కూడా ఎడమ చేతిని ముడిచి చూసుకునేది.

అసలు గొడవ చెవి కమ్మల దగ్గర వచ్చింది. క్లాసులో నగలు కూడదు. ఆడపిల్ల చెవులు బోసిగా ఉండకూడదని మా అత్తగారు పట్టుబట్టారు. మాస్టారే మధ్యేమార్గం చెప్పారు: కమ్మల మీద టేపు అంటించండి అని. ఆ టేపు కత్తిరించి అంటించే పని అత్తయ్యదే అయింది. మామయ్యగారిది వేరే ఆశ, మనవరాలు ఒలింపిక్స్‌కు వెళ్లాలని. 2021లో టోక్యోలో ఆడించిన కరాటేను 2024లో పారిస్‌లో తీసేశారని చెప్పినా ఆయన వినిపించుకోలేదు.

పసుపు బెల్టు పరీక్షకు మాస్టారు హెయాన్ షోదాన్ అడుగుతారు. అది 21 కదలికల కటా, అంటే దెబ్బలు, అడ్డుకోవడాలు ఒక నిర్ణీత వరుసలో చేసి చూపే సాధన. జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో అనే కరాటే గురువు 20వ శతాబ్దం తొలినాళ్లలో బడిపిల్లల కోసం కూర్చిన అయిదింటిలో ఇదొకటి. అప్పటి పినాన్ అనే పేరును తర్వాత షోటోకాన్ మూలపురుషుడు ఫునకోషి గిచిన్ హెయాన్‌గా మార్చాడు. పిల్లలకని కూర్చినదే అయినా తేలికైనదేమీ కాదు. మొదలుపెట్టిన చోటికే వచ్చి ముగించాలి. మా పాప అడుగు ఒకవైపు పొడుగు, ఇంకోవైపు పొట్టి కావడంతో హాలులో ఎప్పుడూ రెండు పలకలు ఎడమకు తేలేది. తొమ్మిదో కదలిక దగ్గర, పదిహేడో దాని దగ్గర వేసే కేక మాత్రం వీధిలోకి వినిపించేది.

పరీక్ష రోజున ఒక మలుపులో పొరపాటు వైపు తిరిగింది. ఆగింది. పక్కవాళ్లను చూడకుండా తనే సర్దుకుని మిగతాది పూర్తి చేసింది. పరీక్షకుడు ఏదో రాసుకుని తల ఊపారు. పసుపు బెల్టు వచ్చింది. ఆ రోజు ఒక పిల్లాడికి రాలేదు. ఫీజు కట్టాం కదా అని వాళ్ల నాన్న చాలాసేపు వాదించారు. ‘ఫీజు పరీక్షకండీ, బెల్టుకు కాదు’ అని మాస్టారు తర్వాతి వరుసను పిలిచారు.

ఆ పిల్లాడు ఇప్పటికీ మా పాప పక్క వరుసలోనే సాధన చేస్తున్నాడు. వాళ్ల నాన్న మాత్రం గేటు దగ్గరే దించి వెళ్లిపోతున్నారు.