లైట్లు వేశాక

పాత విద్యార్థుల సావనీర్‌కి ఏదైనా రాసి పంపమని గ్రూప్‌లో మెసేజ్ చూడగానే, క్యాంపస్‌లోని గోప్స్ క్యాంటీన్ చాయ్ గురించీ మష్రూమ్ రాక్ బండ గురించీ ఎలాగూ అందరూ రాస్తారు కదా అనిపించింది. నాకు మాత్రం హెచ్‌సీయూ, అదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, అంటే ముందు గుర్తొచ్చేది శుక్రవారం సాయంత్రాలే. 2004 నుంచి 2006 దాకా అక్కడ ఎకనామిక్స్ ఎంఏ చేశాను. సోషల్ సైన్సెస్ బిల్డింగ్‌లో ఒక సెమినార్ హాలు, ఎవర్నో అడిగి తెచ్చిన ఎల్‌సీడీ ప్రొజెక్టర్, కంప్యూటర్ స్పీకర్లు రెండు, కిటికీలకి అడ్డంగా హాస్టల్ దుప్పట్లు, ముప్పై నలభై మంది మనుషులు. మా డాక్యుమెంటరీ షోలంటే అంతే.

అప్పటిదాకా నాకు తెలిసిన డాక్యుమెంటరీ అంటే చిన్నప్పుడు ఒంగోల్లో అసలు సినిమా మొదలయ్యేలోపు వేసే ఫిల్మ్స్ డివిజన్ బొమ్మ, వరదలూ డ్యాములూ మంత్రిగారి రిబ్బన్ కటింగూ, అది నడుస్తున్నంతసేపూ జనం పల్లీలు కొనుక్కుంటూ సీట్లు వెతుక్కుంటూ ఉండేవాళ్లు. అయిపోయాక దాని గురించి కూర్చుని మాట్లాడుకోవచ్చని నాకెప్పుడూ తట్టలేదు.

మేం చేరిన ఏడాదే రాకేశ్ శర్మ 2002 గుజరాత్ అల్లర్ల మీద తీసిన 'ఫైనల్ సొల్యూషన్'కి సెన్సార్ బోర్డు ముందు సర్టిఫికెట్ ఇవ్వలేదు, ఆ అక్టోబర్‌లో గానీ ఇవ్వలేదు. ఈలోపు ఆయన వీసీడీలు ఉచితంగా పంచడం మొదలుపెట్టాడు, షరతు ఒక్కటే, తీసుకున్నవాళ్లు ఇంకో ఐదు కాపీలు చేసి పంచాలి. మా సీనియర్ ఒకతను బెంగళూరు నుంచి ఒక సెట్టు తెచ్చాడు, ఫ్రెండ్ రూమ్‌లో సీడీ రైటర్ ఉంటే రాత్రంతా మేల్కొని ఐదు కాపీలు కొట్టాం. ఒకటి ఒంగోలు పట్టుకెళ్లి మా నాన్నకి ఇచ్చాను, ఆయన మూడున్నర గంటలూ లేవకుండా చూసి, ఆ రాత్రి అన్నం దగ్గర కూడా ఏమీ మాట్లాడలేదు.

సినిమా అయ్యాక లైట్లు వేసేవాళ్లం, అప్పుడు డిస్కషన్. నిజం చెప్పాలంటే మొదటి ఏడాది డిస్కషన్ అంటే ఐదారుగురు ఇంగ్లీషులో గట్టిగా మాట్లాడటం, మిగతావాళ్లం తల ఊపడం. వాళ్లు బాగా చదువుకున్నవాళ్లు, వాళ్ల దగ్గర నేను చాలా నేర్చుకున్నాను, అందులో అనుమానం లేదు. కానీ వెనక వరసలో కూర్చునేవాళ్లు వెనక వరసలోనే ఉండిపోయేవాళ్లు.

అది మారింది పత్తి సినిమా వేసిన రోజున. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు, చాలామంది బడి మొహం చూడనివాళ్లు, కెమెరా నేర్చుకుని వరంగల్ జిల్లా ఊళ్లకి మళ్లీ మళ్లీ వెళ్లి బీటీ పత్తి (కాయ పురుగుని తట్టుకునేలా జన్యువులు మార్చిన పత్తి) మీద తీసిన సినిమా అది. మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. ఒక సీజన్లో విత్తనం వేసినప్పుడు రైతు ఏమనుకున్నాడు, కాయ పట్టే టైమ్‌కి ఏమన్నాడు, చివర్లో లెక్క చూసుకున్నప్పుడు ఏమన్నాడు, అదే మనిషి, అదే చేను. సినిమా అయ్యాక మామూలుగానే మొదలైంది, పేటెంట్లు, మార్కెట్, కొత్త టెక్నాలజీని భయంతో చూడొద్దని ఒకరు, కాదని ఇంకొకరు. అప్పుడు వెనకనుంచి మా క్లాస్‌మేట్ లేచాడు. వరంగల్ జిల్లా వాడు, నాకన్నా రెండేళ్లు చిన్న, నన్ను అక్కా అనేవాడు, ఏడాదిన్నరగా ఆ హాల్లో వాడి గొంతు వినలేదు.

"నేను తెలుగులనే చెప్త," అన్నాడు. "మా బాపు నాలుగు ప్యాకెట్లు తెచ్చిండు. ప్యాకెట్‌కు 450 గ్రాములు, 1600 పైనే. ఆ పైసలు కూడ షావుకారి కాడ తెచ్చినయే. పత్తి మళ్ల ఆయనకే అమ్మాలె, రేటు ఆయన చెప్పిందే. గింజ మంచిదా చెడ్డదా అంటే నాకు తెల్వదు, ఒకేడు పండింది, ఒకేడు పండలె. పండని ఏడు మా అక్క పెండ్లి ఆగింది."

అంతే చెప్పి కూర్చున్నాడు. పక్కనున్న నేను లేచి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను గానీ షావుకారు అన్న మాట దగ్గర ఆగిపోయాను, మనీలెండర్ అంటే సరిపోదు, విత్తనం, మందు, అప్పు ఇచ్చేవాడూ పత్తి కొనేవాడూ ఒక్కడే అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది. ఒడిశా అబ్బాయి ఒకతను మా దగ్గరా అంతే అని వాళ్ల భాషలో దాన్నేమంటారో చెప్పాడు. ఆ రాత్రి వాచ్‌మన్ వచ్చి తాళం వేస్తానన్నా కదల్లేదు, బయట మెట్ల మీద కూర్చుని పన్నెండు దాకా మాట్లాడాం, సగం తెలుగు, సగం హిందీ, ఎవరికి వచ్చింది వాళ్లు. (మర్నాడే ఇద్దరు పేపర్ టాపిక్ మార్చుకున్నారు, అందులో ఒకరు తర్వాత రైతుల అప్పుల మీదే పీహెచ్‌డీ చేశారు.)

తర్వాత నెలలో పదిమందిమి లింగంపల్లి నుంచి బొంబాయి రోడ్డు మీద బస్సుల్లో పస్తాపూర్ వెళ్లాం. అక్కడి అక్కలు కెమెరా యాంగిల్స్‌కి పెట్టుకున్న పేర్లు ఎప్పటికీ మర్చిపోలేను. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్, ఎందుకంటే పటేల్, అంటే ఊరి భూస్వామి, చూపు అట్లనే ఉంటది. కళ్లకి కళ్లు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్, సంఘంలో అందరూ సమానంగా కూర్చుంటారు కాబట్టి. సినిమా చదువు మీద నేను తర్వాత చదివిన ఏ పుస్తకమూ ఇంత తేటగా చెప్పలేదు. తిరిగొచ్చాక మా హాల్లో ముందున్న టేబుల్ తీసేసి కుర్చీలు గుండ్రంగా వేశాం, వెళ్లిపోయేదాకా అలాగే వేశాం.

ఇంకో రోజు దీపా ధన్‌రాజ్ 1986లో తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' వేశాం, 1984 హైదరాబాద్ అల్లర్ల మీద తీసింది. మా దగ్గరున్నది అరిగిపోయిన టేపు, మొహాలు కూడా సరిగ్గా కనపడవు. పాతబస్తీ నుంచి మెహదీపట్నం వచ్చి 216 బస్సెక్కి రోజూ క్యాంపస్‌కి వచ్చే ఒక సీనియర్, అప్పటికి తను రెండేళ్ల పిల్ల, ఆ రోజుల్లో కర్ఫ్యూలో పాలు ఎలా దొరికేవో వాళ్లమ్మ చెప్పింది మాకు చెప్పింది. హైదరాబాద్‌లో చదువుతున్నామనుకున్నవాళ్లం, ఆ ఊరి గురించి ఏమీ తెలియనివాళ్లమని ఆ రోజు అర్థమైంది.

2016 జనవరి 17న మా హెచ్‌సీయూలో పీహెచ్‌డీ చేస్తున్న రోహిత్ వేముల పోయాడన్న వార్త తెలిసేసరికి నేను పుణెలో ఉద్యోగంలో ఉన్నాను. టీవీలో షాప్‌కామ్, అంటే క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్, చూపించారు, అక్కడే హాస్టల్ నుంచి పంపేసిన విద్యార్థులు వేసుకున్న నిరసన శిబిరం వెలివాడ చూపించారు, మేం చాయ్ తాగుతూ సినిమాల గురించి వాదించుకున్న చోటే. రెండేళ్లకి అదే దీపా ధన్‌రాజ్ దాని మీద 'వుయ్ హావ్ నాట్ కమ్ హియర్ టు డై' తీశారు. ఒకప్పుడు వేరేవాళ్ల ఊళ్లని తెర మీద చూసిన మేము, ఈసారి మా క్యాంపస్‌నే తెర మీద చూడాల్సి వచ్చింది. ఒక్కదాన్నే ఇంట్లో లాప్‌టాప్‌లో చూశాను. అయిపోయాక లేచి లైటు వేశాను. గదిలో ఎవరూ లేరు.

రాత్రి పదకొండున్నరకి వరంగల్ ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎత్తాడు.

"అక్కా, సినిమా చూసినవా?"

"ఇప్పుడే అయింది రా. చెప్పు, నువ్వేమనుకున్నావ్?"