పెల్టియర్ పెట్టెతో ఏడో ప్రయత్నం: 12 డిగ్రీల దగ్గర ఆగిపోయిన సోడా

ఈసారి కూడా సోడా చప్పగానే వచ్చింది. అనంతపురంలోని మా మిద్దె మీద ఉన్న 100 వాట్ల సోలార్ ప్యానెల్‌తో పెల్టియర్ పెట్టెను (కరెంటు పారితే ఒక వైపు చల్లబడి, మరో వైపు వేడెక్కే పలకతో చేసిన చలువపెట్టె) నడిపి, అందులో చల్లబడిన నీటికి 30 పీఎస్‌ఐ ఒత్తిడి దగ్గర కార్బన్ డయాక్సైడ్ గ్యాసు పట్టించాలన్న నా పంతానికి ఇది ఏడో ఓటమి. నన్నారి (సుగంధి వేరు) పాకం పాళ్లు మాత్రం కుదిరాయి: గ్లాసుకు 30 మిల్లీలీటర్లు, అరచెక్క నిమ్మరసం.

గ్యాసు ఎంత కరిగిందన్న విషయంలో నాలుకను నమ్మడం మానేశాను. లీటరు నీళ్లున్న సీసాను గ్యాసు పట్టించే ముందూ తరువాతా 0.1 గ్రాము వరకు చూపే త్రాసు మీద తూచి, ఆ తేడాను రాసుకుంటున్నాను. గొంతులో చురుక్కుమనాలంటే లీటరుకు 7 గ్రాములైనా ఉండాలి. వంటింటి ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు చల్లబడిన నీరు 8.1 గ్రాములు పట్టగా, పెల్టియర్ పెట్టెలో నాలుగు గంటలున్నా 17 డిగ్రీల దగ్గరే నిలిచిన నీరు 5.2 గ్రాములే పట్టింది.

మొదట గ్యాసు కారుతోందేమోనని అనుమానించాను. సబ్బునీళ్లతో ప్రతి బిగింపునూ చూశాను. సిలిండర్ కట్టేసి రాత్రంతా వదిలినా ఒత్తిడి చూపే ముల్లు 30 నుండి కదలలేదు. తరువాత 45 పీఎస్‌ఐకి పెంచితే దాదాపు 7 గ్రాములు ఎక్కాయి గానీ, మూత తీసి గ్లాసులో పోసేసరికి మూడు గ్రాములు నురగగా పోయాయి. వెచ్చని నీటిలోకి గ్యాసును బలవంతంగా ఎక్కించవచ్చు, నిలపలేము. కాబట్టి లోపం సిలిండర్ వైపు లేదు, చలువ వైపే ఉంది.

అప్పుడు మల్టీమీటర్ పట్టుకున్నాను. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులుంటే పెల్టియర్ దగ్గర 10.9 మాత్రమే ఉన్నాయి, కరెంటు 4.1 ఆంపియర్లు. మిద్దె మీది నుండి పెట్టె వరకు ఏడు మీటర్ల దూరానికి నేను వేసినది 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు. రానూపోనూ 14 మీటర్లకు దాని నిరోధం సుమారు 0.32 ఓములు, అంటే 1.3 వోల్టులు అక్కడే ఖర్చయ్యాయి, మిగిలిన 0.4 ఫ్యూజు బిగింపులో పోయాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మార్చి బిగింపులు శుభ్రం చేశాక 12.1 వోల్టులు అందాయి, నీరు 14 డిగ్రీలకు దిగింది, గ్యాసు 5.8 గ్రాములకు చేరింది. ఇంత చేసినా ఫలితం అంతే.

అసలు చిక్కు హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే రేకుల దిమ్మ) దగ్గరుంది. మధ్యాహ్నం రెండున్నరకు నీడలోనే 41 డిగ్రీలున్నప్పుడు వేడి వైపు 61 డిగ్రీలు చూపింది. పెల్టియర్ చేసేది ఒక వైపు వేడిని మరో వైపుకు తోయడమే కనుక, ఆ వైపు ఎంత కాగితే ఈ వైపు అంత వెచ్చగా మిగులుతుంది. ఎండ బాగా కాసి కరెంటు పుష్కలంగా ఉన్న వేళే చలువ అన్నిటికన్నా కష్టమవుతోంది. ఫ్యాను ముందు తడి గోనెపట్ట వేలాడదీస్తే, మా ఊరి పొడిగాలికి వేడి వైపు 52కు తగ్గి నీరు 12 డిగ్రీలకు వచ్చింది. అయితే రెండు వారాలకే బోరునీటి ఉప్పు హీట్ సింక్ రేకుల మీద తెల్లగా పేరుకుంది. దానిని గీకి తీయడం నాకు విసుగు తెప్పించింది.

చార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుండి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరం) గురించి ఒక మాట. ప్యానెల్ అదనపు వోల్టేజీని కూడా వాడుకునే ఎంపీపీటీ రకం కొనమని చాలామంది చెబుతారు గానీ, మా మిద్దె మీద కాగిన ప్యానెల్ వోల్టేజీ 18 నుండి పదిహేనున్నర దాకా పడిపోతున్నందున, ఇంత చిన్న ప్యానెల్‌కు ఆ అదనపు ఖర్చు దండగని నా అభిప్రాయం. ఆ పని చేయని చవకైన పీడబ్ల్యూఎం రకం చాలు. ఇంట్లో సోడా చేసే సోడాస్ట్రీమ్ యంత్రం చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ పెద్ద సిలిండరూ రెగ్యులేటరూ ఇచ్చే అదుపు నాకు అందులో దొరకదు.

ఇక మధ్యాహ్నం పెట్టెను నడపను. పగలంతా బ్యాటరీ నింపి, తెల్లవారుజామున రెండు నుండి ఆరు వరకు టైమరుతో నడిపిస్తాను. అప్పటి గాలి 27 డిగ్రీల లోపే ఉంటుంది, పైగా నీటిని ముందురోజు సాయంత్రమే మట్టికుండలో పోసి ఉంచితే పెట్టెకు సగం పని తగ్గుతుంది. నాలుగు గంటలకు 18 ఆంపియర్-అవర్లు కావాలి; నా 40 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ సగానికి దిగకుండానే అది సరిపోవాలి. టైమర్ రిలే తెప్పించాను, గోనెపట్ట విప్పేశాను. ఎనిమిదో సీసా 8 డిగ్రీలకు దిగినా చాలు, లెక్క ప్రకారం 7 గ్రాములు దాటాలి.