తొమ్మిదో ప్రయాణికుడి కోసం లైసెన్సు

బ్రిటన్‌లో 30 ఏళ్లు దాటిన పాత బస్సును మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. డ్రైవరుకు 21 ఏళ్లు నిండాలి, ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదు, 8 మందికి మించి ఎక్కించకూడదు. అంటే అంత పెద్ద డబుల్ డెక్కర్‌లో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పొచ్చన్నమాట. తొమ్మిదో మనిషి ఎక్కితే మాత్రం ‘డి’ కేటగిరీ, అంటే బస్సు లైసెన్సు కావాల్సిందే, టికెట్టు కొట్టకపోయినా సరే. ఈ తిప్పలన్నీ నేను పడింది ఆ తొమ్మిదో మనిషి కోసమే.

మేముండేది రెడింగ్‌లో. ఇక్కడి సిటీ బస్సులు ఈ రోజుకీ మునిసిపల్ కౌన్సిల్ సొంతం. ఇంగ్లండ్‌లో ఇప్పుడు అలాంటి ఊళ్లు బహు తక్కువ. టైల్‌హర్స్ట్ నుంచి ఊరి మధ్యగా త్రీ టన్స్ దాకా వెళ్లే 17వ నంబరు బస్సు ఒకప్పుడు ట్రాలీబస్సు, అంటే తీగల కరెంటుతో నడిచే బస్సు. నడిరోడ్డు మీద రెండు తీగలు, బస్సు నెత్తిన రెండు పొడవాటి కడ్డీలు. పట్టాలు లేవు, పొగ లేదు. ఊళ్లో ట్రాలీబస్సులు 1936 జులైలో మొదలై 1968 నవంబరు 3న ఆగిపోయాయి. వాటి డిపో ఉన్న మిల్ లేన్‌లో ఇప్పుడు ఒరాకిల్ షాపింగ్ మాల్ ఉంది. ఈ సంగతులు తవ్వుకుంటూ పోయి, పాత మునిసిపల్ బస్సుల్ని బాగుచేసి, ఏడాదికి కొన్ని ఆదివారాలు జనాన్ని ఉచితంగా తిప్పే ఒక బృందంలో చేరాను. తుడవడం, నూనె పెట్టడం కొన్నాళ్లు సాగాక, స్టీరింగ్ మీద ఆశ పుట్టింది. “కారు లైసెన్సుకే ఇల్లంతా టెన్షన్ పెట్టారు. ఇప్పుడు బస్సా?” అంది మా ఆవిడ. మన ఇండియా లైసెన్సు ఇక్కడ ఏడాది వరకే చెల్లుతుంది. ఆ తర్వాత అందరితో పాటు పరీక్ష రాయాల్సిందే. ఆ రోజులు ఆవిడ మర్చిపోలేదు.

మొదట స్వాన్‌సీలోని లైసెన్సు ఆఫీసుకు డి2, డి4 అనే రెండు ఫారాలు పంపాలి. రెండోది డాక్టరు నింపే మెడికల్ రిపోర్టు. ఇది ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్‌లో ఉచితంగా రాదు, ఫీజు మనమే కట్టుకోవాలి. బీపీ, షుగరు, గుండె, నిద్ర, చూపు అన్నీ అడుగుతారు. సంతకం పడ్డ నాలుగు నెలల్లోపు పంపకపోతే రిపోర్టు చెల్లదు కాబట్టి, అన్నీ సిద్ధం చేసుకున్నాకే డాక్టరు దగ్గరికి వెళ్లడం మంచిది. లెర్నర్‌గా బస్సు నడిపే హక్కును లైసెన్సులో చేర్చడానికి వాళ్లు రుసుము తీసుకోరు.

థియరీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 100 ప్రశ్నలకు 85 సరైనవి కావాలి. తర్వాత వీడియోలు చూస్తూ ప్రమాదం ముంచుకొచ్చే క్షణాన్ని పసిగట్టి మౌస్ నొక్కే పరీక్షలో 100కి 67 రావాలి. జీతానికి నడిపేవాళ్లకు సీపీసీ అని మరికొన్ని పరీక్షలుంటాయి. డబ్బు తీసుకోకుండా నడిపేవాళ్లకు అవి అక్కర్లేదు.

అసలు విచిత్రం ప్రాక్టికల్‌లో ఉంది. ‘డి’ పరీక్షకు తెచ్చే బస్సు కనీసం 10 మీటర్ల పొడవుండాలి, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులుండాలి, వేగాన్నీ సమయాన్నీ నమోదు చేసే టాకోగ్రాఫ్ ఉండాలి. మా పాత బస్సు ఎనిమిది మీటర్ల చిల్లర, పైగా ఏబీఎస్ అనే మాట పుట్టకముందుది. అంటే ఏ బస్సు నడపడానికి లైసెన్సు తీసుకుంటున్నానో ఆ బస్సు మీద పరీక్ష ఇవ్వడానికి వీల్లేదు! ఒక డ్రైవింగ్ స్కూల్లో కొత్త బస్సు మీద నేర్చుకున్నాను. 2021 చివరి నుంచి రివర్స్ పరీక్ష వేరుగా, రోడ్డు పరీక్ష వేరుగా పెడుతున్నారు. రివర్స్ చేయడం కంటే, మలుపుల్లో వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కకుండా చూసుకోవడమే నాకు ఎక్కువ కష్టమైంది. లైసెన్సు చేతికొచ్చాక బృందంలోని పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు, కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుంది, ఇక నేర్చుకుందాం రా” అన్నాడు.

మా పాత బస్సు ఏఈసీ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన రీజెంట్ 3. డ్రైవరు కుడివైపు చిన్న గదిలో ఒంటరిగా కూర్చుంటాడు, పక్కనే ఇంజను. పవర్ స్టీరింగ్ లేదు. గేరుబాక్సు ప్రీసెలెక్టర్. స్టీరింగ్ కింది చిన్న లివర్‌ను రెండో గేరుకు జరిపితే ఏమీ జరగదు. మన కోరిక లోపల నమోదవుతుంది, అంతే. క్లచ్ ఉండాల్సిన చోటున్న పెడల్‌ను పూర్తిగా తొక్కి వదిలినప్పుడే గేరు పడుతుంది. కాబట్టి మలుపు రాకముందే ముందుచూపుతో గేరు ఎంచుకుని పెట్టుకోవచ్చు. ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. పెడల్‌ను సగం తొక్కి వదిలితే మాత్రం లోపలి స్ప్రింగు దాన్ని గాడిదలా వెనక్కి తంతుంది. “మొహమాటపడకు, అడుక్కంటా తొక్కు” అనేది పెద్దాయన నిత్య మంత్రం.

ఎక్కేది వెనక తలుపు లేని ప్లాట్‌ఫారం మీద. అక్కడ ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో డ్రైవరుకు సరిగా కనపడదు. కండక్టర్ గంట ఒకసారి కొడితే ఆపు, రెండుసార్లు కొడితే పోనీ, మూడుసార్లు కొడితే బస్సు నిండింది. గంట రెండుసార్లు వినపడకుండా బ్రేకు వదలకూడదు. మన రైట్ రైట్ కేకకు అలవాటైన ప్రాణానికి ఈ నిశ్శబ్దం మొదట్లో వింతగా తోచింది.

హైదరాబాదు వెళ్లినప్పుడు బస్ భవన్ దగ్గర నిలబెట్టిన పాత ఆల్బియన్ బస్సును మళ్లీ చూశాను. 1932లో నిజాం ప్రభుత్వం 27 ఆల్బియన్లతో బస్సులు మొదలుపెట్టింది. అవి స్కాట్లండ్‌లో తయారైనవే. ఈసారి నా చూపు బోర్డు మీదకు కాక పెడళ్ల మీదకు పోయింది.

ఇక ట్రాలీబస్సు మిగిలింది. దానికి తీగలు కావాలి కాబట్టి లింకన్‌షైర్‌లో పాత యుద్ధ విమానాల స్థావరం మీద కట్టిన శాండ్‌టాఫ్ట్ మ్యూజియానికి పోవాల్సిందే. రెడింగ్ 1939లో కొన్న 113 నంబరు ట్రాలీబస్సు కూడా అక్కడి సేకరణలోదే. బ్రిటన్‌లో చాలా ట్రాలీబస్సుల్లో కరెంటు పెడల్ ఎడమ కాలి కింద, బ్రేకు కుడి కాలి కింద ఉంటాయి. తీగలు కలిసే చోట్ల కాలు తీసి, కరెంటు లేకుండా దొర్లిపోవాలి. కడ్డీ తీగ నుంచి జారితే దిగి, పొడవాటి వెదురు గడతో మళ్లీ ఎక్కించాలి. ఇంత కష్టపడి నా ఎడమ కాలికి ప్రీసెలెక్టర్ నేర్పాను, ఇప్పుడు దానికే యాక్సిలరేటర్ అప్పగించాలంటున్నారు. మా ఆవిడకింకా చెప్పలేదు.