గోలీ ఒక్కడినే అంటే ఎలా?

2025 ఐస్ హాకీ స్టాన్లీ కప్ ఫైనల్లో మన ఎడ్మంటన్ ఆయిలర్స్ ఫ్లోరిడా చేతిలో 4-2తో సిరీస్ ఓడినప్పుడు ఎవరిని కదిపినా గోలీ (గోల్‌కీపర్) స్కిన్నర్‌నే తిట్టారు, నేను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. నాలుగో మ్యాచ్‌లో మొదటి పీరియడ్‌కే 0-3తో వెనకబడ్డాం, స్కిన్నర్‌ని తీసి రెండో గోలీ పికార్డ్‌ని దింపారు, చివరికి డ్రైసైటిల్ ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి 5-4తో గెలిపించాడు, ఆ రాత్రి అరిచి అరిచి గొంతు పోయింది. మరి తర్వాతి మ్యాచ్‌లో మొదటినుంచీ పికార్డే ఉన్నా 5-2తో ఓడాం కదా!

అసలు దెబ్బ మన ఫార్వర్డ్ హైమన్ లేకపోవడం. డల్లాస్‌తో సిరీస్‌లో మణికట్టుకి గాయమై ఫైనల్‌కి దూరమయ్యాడు. నెట్ ముందు నిలబడి ఆ తోపులాటలోనే గోల్స్ కొట్టే మనిషి పోయాక భారమంతా మెక్‌డేవిడ్, డ్రైసైటిల్ మీదే పడింది. అవతల ఫ్లోరిడా చూడండి, మార్చిలో బోస్టన్ నుంచి తెచ్చుకున్న మార్షాండ్‌ని మూడో లైన్లో (వంతులవారీగా మంచు మీదికి దిగే ఫార్వర్డ్ బృందాల్లో మూడోదాంట్లో) ఆడించింది! అంత లోతున్న టీమ్‌ని ఇద్దరు స్టార్లతో ఎంతసేపని ఆపుతాం? నన్నడిగితే ముందు మూడో లైన్‌కి గట్టి వింగర్లని (పక్కల నుంచి దాడి చేసే ఫార్వర్డ్‌లని) తేవాలి, గోలీ సంగతి ఆ తర్వాతే.