ఏడుగురం కాస్తా ఐదుగురం అయ్యాం

ఆదివారం కదా, కాస్త ఆలస్యంగా లేద్దామంటే కుదరలేదు. పొద్దున ఎనిమిదిన్నరకి సియాటెల్‌లో ఉండే తమ్ముడు వాళ్ళతో కాల్, వాళ్ళకి అది శనివారం రాత్రి ఏడు. దోసెలు పోస్తూనే రెండు గంటలు మాట్లాడా. తేలింది ఒకటే, ఎంతమందిమి వెళ్తామన్నది. అది తేలకుండా మిగతావి ఎన్ని మాట్లాడినా దండగే.

వెళ్ళాలనుకుంటున్నది మౌంట్ రైనియర్ చుట్టూ. వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే అగ్నిపర్వతం, 4,392 మీటర్లు, నడివేసవిలో కూడా నెత్తిన మంచే. పైకి ఎక్కేది లేదు, దాని చుట్టూ వండర్‌లాండ్ ట్రయిల్ అని 150 కిలోమీటర్ల కాలిబాట ఉంది, ఆగస్టులో పది రోజుల్లో చుట్టి రావాలని తమ్ముడి ఆలోచన. "చుట్టూ తిరగడమేగా, అరుణాచలం పోయిరండి, పద్నాలుగు కిలోమీటర్లతో అయిపోతుంది, పుణ్యం కూడా" అంది అమ్మ. కాదనడానికి నా దగ్గర సమాధానం లేదు.

అక్కడ ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయనివ్వరు. ఏ రాత్రి ఏ క్యాంపులో పడుకుంటామో ముందే చెప్పి పర్మిట్ తీసుకోవాలి, దానికి ముందు లాటరీ. మన సుప్రభాత సేవకి ఆన్‌లైన్ డిప్‌లో పేరేసినట్టే, కాకపోతే డిప్‌లో పేరొస్తే టికెట్ వచ్చినట్టే, ఇక్కడ పేరొస్తే మిగతా జనం కంటే ముందు బుక్ చేసుకునే టైం మాత్రం ఇస్తారు. ఆ టైంకి కూర్చుని తొమ్మిది రాత్రుల క్యాంపులూ వరసగా దొరకబుచ్చుకోవాలి. ఒక్కటి దొరక్కపోయినా మధ్యలో ఒక రోజు నడక రెండింతలవుతుంది.

అసలు చిక్కు మా సంఖ్యతో. మామూలు సైటులో ఐదుగురి దాకా ఉండొచ్చు, ఐదు దాటితే గ్రూప్ సైట్ తీసుకోవాలి, అవేమో కొన్ని క్యాంపుల్లోనే ఉన్నాయి. మేం ఏడుగురం: నేను, మా ఆయన, తమ్ముడు, మరదలు, వాడి ఆఫీసులో చిత్తూరబ్బాయి, నెల్లూరబ్బాయి, ఇక్కణ్ణుంచి నాతో వస్తానంటున్న మా కొలీగ్. తమ్ముడు ఈ లెక్క చెప్పగానే కాల్‌లో అందరికీ ఒక్కసారిగా మర్యాద పుట్టుకొచ్చింది. మీరు వెళ్ళండి నేను ఆగిపోతా అని నెల్లూరబ్బాయి, అయ్యో అదేం మాట అని మరదలు, ఒక్కరు కూడా మనసులో మాట అనట్లేదు. పెళ్ళి భోజనాల్లో చివరి జిలేబీ దగ్గర కూడా ఇంత మొహమాటం చూళ్ళేదు.

మా ఆయన మాత్రం "మోకాళ్ళు సహకరించవు బావా, నన్ను వదిలెయ్" అని తమ్ముడికి చెప్పేశారు. అంత తొందరగా చెప్పడం నాకు అనుమానంగానే ఉంది. కానీ ఆరుగురైనా ఏడుగురికున్న చిక్కే.

అప్పుడు తిండి సంగతి వచ్చింది. పది రోజులకి సరిపడా ఎవరూ మోయలేరు, దారిలో కొన్ని చోట్ల ముందే డబ్బాలు పెట్టుకోవచ్చు. పడమటి వైపు మోవిచ్ సరస్సు దగ్గర పెట్టుకునేవాళ్ళట, కానీ అక్కడికెళ్ళే దారిలో ఉన్న 1921 నాటి వంతెనని 2025 ఏప్రిల్‌లో పూర్తిగా మూసేశారు. ఇక లాంగ్‌మైర్ అనే చోట బయల్దేరితే ఆ వైపుగా, కారు దారి ఉన్న సన్‌రైజ్ చేరేదాకా ఆరు రోజుల సరుకు వీపునే ఉండాలి. వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి, చిక్కీలు. ఆవకాయ వద్దన్నాడు తమ్ముడు, ఎలుగుబంట్లున్న అడవి, వాసనొచ్చేదేదైనా రాత్రికి క్యాంపులోని పొడుగాటి ఇనుప స్తంభానికి వేలాడదీయాలట. నేను మాత్రం చిన్న సీసా పెడతా.

ఇదంతా విని మరదలు, "వదినా, నిజం చెప్తున్నా, నాకు టెంట్లో పడుకోవడం ఇష్టం లేదు, అందరూ వెళ్తున్నారని ఊరుకున్నా. అన్నయ్యని ఎక్కించుకుని కార్లో సన్‌రైజ్‌కి సరుకు తెస్తాను" అంది. ఐదుగురం! ఇంత సులువైన మాట రెండు గంటలు ఎవరి నోటా రాలేదు.

సాయంత్రం అలిపిరి మెట్లెక్కా, పది కిలోల బియ్యం సంచి బ్యాగులో వేసుకుని, గాలి గోపురం దాకా. రైనియర్ చుట్టూ బాటలో మొత్తం ఎక్కుదల 6,700 మీటర్లట, అంటే తిరుమల కొండ ఇంచుమించు పదిసార్లు, దిగడం వేరే. దారిలో ఒక పెద్దావిడ ఆపి, "కింద కౌంటర్లో ఇస్తే బ్యాగు ఫ్రీగా పైకి పంపిస్తారు కదమ్మా, ఎందుకు మోస్తావు?" అంది. మొక్కు అనేశా. వివరించే ఓపిక లేదు.

రాత్రి అమ్మ మళ్ళీ ఫోన్, అది పేలితే ఏంటని. పేలడం కంటే బురద ప్రవాహం ప్రమాదం, మంచు కరిగి రాళ్ళూ మట్టీ కలిసి నదుల్లో దూసుకొస్తుంది, నది వైపు నుంచి పెద్ద చప్పుడు వినిపిస్తే వెంటనే గట్టు పైకి పోవాలి అని చెప్పా. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నానికి హిమానీనదాల నీళ్ళు పెరుగుతాయి, దుంగల వంతెనలు కొట్టుకుపోతుంటాయి, అందుకని వాగులు పొద్దున్నే దాటేస్తాం అని కూడా చెప్పా. అది చెప్పకుండా ఉండాల్సింది.

మా ఆయన అప్పుడే లాంగ్‌మైర్‌లోని హోటల్లో గది రేట్లు చూస్తున్నారు. మా ఐదుగురి టెంట్ల కంటే ఆ గదికే ఎక్కువయ్యేట్టుంది.