విభూతితో తోమిన మెడల్

లండన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిచి, పాత సర్కారు కాగితాలు దాచే నేషనల్ ఆర్కైవ్స్ దాకా వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. సోమవారం. ఆది, సోమవారాలు సెలవని వెబ్‌సైట్‌లో ఉంది, చూసుకోనిది నేనే. 38 ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసి, సెలవు రోజు వచ్చి తలుపు కొట్టేవాళ్లని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు. ఇప్పుడు తలుపు ఇవతల నేను, ముందున్న చెరువులో బాతులు. అబ్బాయి ఉండే రెడింగ్ నుంచి రిచ్‌మండ్, అక్కడ మారి ఒక్క స్టాపు. ఆ రానూపోనూ టికెట్టు డబ్బుతో రాజమండ్రి నుంచి హైదరాబాదుకి థర్డ్ ఏసీలో వెళ్లి రావచ్చు. తిరుగు రైల్లో కూర్చుని అదే లెక్క మళ్లీ మళ్లీ వేసుకున్నాను. కిటికీలోంచి ఏమేం ఊళ్లు వచ్చాయో గుర్తు లేదు.

మంగళవారం పొద్దున్న మళ్లీ బయల్దేరుతుంటే "ఈసారి చూసుకున్నారా నాన్నా?" అన్నాడు అబ్బాయి. కోడలు వంటింట్లోకి వెళ్లి నవ్వుకుంది.

అసలు ఈ గోలంతా ఒక మెడల్ వల్ల. ఇక్కడ ఆదివారం పొద్దున్నే మైదానంలో కార్లు నిలిపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామాను అమ్ముకుంటారు. కార్ బూట్ సేల్ అంటారు. మన సంతే, అరుపులు ఉండవు. పింగాణీ కప్పులు, తుప్పు పట్టిన రంపాలు, పిల్లల సైకిళ్లు, వాటి మధ్య ఒక బిస్కెట్ డబ్బాలో పాత బొత్తాలు, నాణేలు. అందులో ఇది నల్లగా పడి ఉంది. 40 పౌండ్లు అన్నాడు. అబ్బాయి మోచేత్తో పొడుస్తున్నా వినకుండా బేరమాడి 32కి దించాను. మా ఆవిడ అక్కడికక్కడే "మూడున్నర వేలు!" అంది. ఇక్కడికి వచ్చి రెండు నెలలైనా ఆవిడ పౌండ్లలో ఆలోచించడం నేర్చుకోలేదు, నేనూ నేర్చుకోలేదు.

బ్రిటిష్ వార్ మెడల్ దాని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకి ఇచ్చారు. వెండిది, మన పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది. ఒకవైపు ఐదో జార్జి తల. రెండోవైపు గుర్రం మీద ఒంటి మీద నూలుపోగు లేని మగమనిషి, గుర్రం కాళ్ల కింద గద్ద బొమ్మ ఉన్న డాలు, పక్కన పుర్రె, ఎముకలు. మా ఆవిడ దాన్ని ఒకసారి చూసి బోర్లించి పెట్టింది. ఆ మనిషి సెయింట్ జార్జి అనీ, గద్ద జర్మనీ గుర్తనీ తర్వాత తెలిసింది.

మర్నాడు నేను లేచేసరికి అది కిటికీ గట్టు మీద తళతళలాడుతోంది. "అంత నల్లగా ఇంట్లో ఉంచుకుంటామా అండీ" అని విభూతి పెట్టి తోమేసింది. దేవుడి సామాను కోసం తెచ్చుకున్న పొట్లంలో సగం అయిపోయింది. కానీ ఆ తోమడంతోనే అంచు మీద అక్షరాలు బయటపడ్డాయి. ఒక నెంబరు, ప్రైవేటు (అంటే మామూలు సిపాయి) అనే హోదా, ఇంటిపేరు, రాయల్ బెర్క్‌షైర్ రెజిమెంట్ అని పొడి అక్షరాలు. ఈ ఊరి పటాలమే. పేరు ఇక్కడ రాయను, అతని చెల్లెళ్ల మనవలో మునిమనవలో ఈ చుట్టుపక్కలే ఉండి ఉండొచ్చు.

ఇదే పటాలం ముందు తరంవాళ్ల కోసం కట్టిన ఇనప సింహం ఫర్బరీ గార్డెన్స్‌లో ఉంది. సాయంత్రం వాకింగ్‌కి అక్కడికే వెళ్తాను. 1880లో అఫ్ఘానిస్థాన్‌లోని మైవాండ్ దగ్గర చనిపోయినవాళ్ల పేర్లు దాని దిమ్మె మీద చెక్కి ఉన్నాయి. ఆ యుద్ధం నుంచి బతికొచ్చిన బాబీ అనే కుక్కకి విక్టోరియా రాణి స్వయంగా మెడల్ ఇచ్చింది. మరుసటేడు అది గుర్రబ్బండి కింద పడి పోయింది. దాని తోలు నింపి, మెడలో మెడల్‌తో సహా సాలిస్‌బరీలో పటాలం మ్యూజియంలో పెట్టారు. కుక్క మెడల్ ఇన్నేళ్లూ దాని మెడలోనే ఉంది. మనిషిది బిస్కెట్ డబ్బాలో తేలింది.

సరే, మంగళవారం. ఆర్కైవ్స్‌లో మొదట దొరికింది కాఫీ. ధర రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది. జేబురుమాలులోంచి మెడల్ తీసి బల్ల మీద పెట్టుకుని నెంబరు మరోసారి చూసుకుంటున్నాను. పక్క బల్ల దగ్గర ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. మోచేతుల దగ్గర తోలు అతుకులు వేసిన కోటు, పక్కన ఫైళ్లు. చూపు మెడల్ మీద నుంచి తిప్పడం లేదు. చివరికి "చూడొచ్చా?" అన్నాడు. ఇచ్చాను. కోటు జేబులోంచి మన కంసాలి కంటికి బిగించుకునే అద్దం లాంటిది తీసి, ముందు అంచు చూశాడు, తర్వాత బొమ్మ చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎవరు తోమారు దీన్ని?"

"మా ఆవిడ."

"దేంతో?"

విభూతిని ఇంగ్లీషులో ఏమంటారు? ఆవు పేడ కాల్చి చేసిన పవిత్రమైన బూడిద అని చెప్పాను. ఆయన అద్దం తీసి బల్ల మీద పెట్టేశాడు.

ఆ తర్వాత పావుగంట క్లాసు. మెడల్ పోగుచేసేవాళ్లు వెండి నలుపుని ముట్టుకోరట. ఆ నలుపు రావడానికి ఏళ్లు పడుతుంది, మీ ఆవిడకి ఎంత పట్టింది అని అడిగాడు. పది నిమిషాలు పట్టి ఉంటుంది అన్నాను. నాకు సిగ్గూ, కొంచెం కోపమూ. మా ఇళ్లలో వెండి నల్లబడితే ఇల్లాలికి మాట వస్తుంది, వీళ్లు దాన్ని డబ్బు పెట్టి కొంటారు.

ఆయన మళ్లీ అద్దం తీసి నా కంటికి పెట్టాడు. "నలుపు పోయింది మీ వల్లే. ఇది మాత్రం మీ పని కాదు" అని గుర్రం తొడ మీద గోరు పెట్టి చూపించాడు. అక్కడ కండరాల గీతలు ఉండాలట, నున్నగా ఉంది. ఆ మనిషి మోకాలు అరిగింది, ముఖంలో ముక్కూ నోరూ కలిసిపోయాయి. తిప్పితే రాజుగారి చెంప కూడా అంతే. పల్లంగా ఉన్న చోట్ల చెక్కడం ఇంకా పదునుగా ఉంది. ఒకటి రెండు సార్లు రుద్దితే ఇలా కాదు, ఇంట్లో ఎవరో ఏళ్ల తరబడి గుడ్డ పెట్టి బొటనవేలితో రుద్దితేనే ఇలా అవుతుంది అన్నాడు. ఆ యుద్ధం ఆగిన రోజు నవంబరు 11. ఏటా దానికి ముందు చాలా ఇళ్లలో ఆ పని జరిగేదట.

మా దేవుడి గూట్లో కుంకుమ భరిణె మీద లక్ష్మీదేవికి ముక్కు లేదు. మా అమ్మ ముప్ఫై ఏళ్లు తోమింది, మిగిలినది మా ఆవిడ. ఆయనకి అది చెప్పాలనిపించింది కానీ విభూతి తర్వాత ఇంకో వివరణ ఇచ్చే ఓపిక లేకపోయింది.

ఆయన నలభై ఏళ్లుగా బెర్క్‌షైర్ పటాలంవాళ్ల మెడల్స్ మాత్రమే పోగుచేస్తున్నాడు. ఒక్కోటి దొరికినప్పుడల్లా ఇక్కడికి వచ్చి ఆ మనిషి ఎవరో వెతుకుతాడు. 1915 ఆఖరు లోపే యుద్ధానికి వెళ్లినవాళ్లకి మూడు మెడల్స్ వచ్చేవని, ఇక్కడ వాటిని పిప్, స్క్వీక్, విల్ఫ్రెడ్ అంటారని చెప్పాడు. పేపర్లో వచ్చిన పిల్లల బొమ్మల కథలో కుక్క, పెంగ్విన్, కుందేలు పేర్లవి. వాటిలో వెండిది ఇదొక్కటే, అదే దీనికి శాపమైంది. ఇంచుమించు 65 లక్షలు ఇచ్చారట. 1979-80లో వెండి ధర కొండెక్కినప్పుడు జనం వీటిని తూకానికి అమ్మేశారు. ఇంచుమించు ఔన్సు వెండి, ఎవడు వదులుతాడు? అంచు మీద పేర్లతో సహా కరిగిపోయాయి. మిగతా రెండూ ఇత్తడి రంగువి కనుక బతికాయి.

ఒక మాట మాత్రం నాకు నచ్చలేదు. చనిపోయినవాడి మెడల్‌కి రేటు ఎక్కువట. 1916 జులై 1న, సోమ్ యుద్ధం మొదటి రోజున పోయినవాడిదైతే ఇంకా ఎక్కువ. "చెడ్డ లెక్కే" అని ఆయనే ఒప్పుకున్నాడు. "అయినా నేనూ ఆ రేటే ఇచ్చి కొంటాను."

పైకి వెళ్లే ముందు ఆయన ఇంకో మాట చెప్పాడు, ఆశ పెట్టుకోవద్దని. ఆ యుద్ధంలో మామూలు సిపాయిల సర్వీసు కాగితాలు లండన్‌లో ఒక గోదాములో ఉండేవి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులు పడి సగానికి పైగా కాలిపోయాయి. దక్కినవాటిని ఇప్పటికీ "కాలిన కాగితాలు" అనే పిలుస్తారు. పదిమందిలో ఆరుగురివి దొరకవు.

అసలు దస్తావేజులు ఉన్న గదిలోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు, పెన్సిలే. మా తాలూకా ఆఫీసు రికార్డు రూములో గుమాస్తా టీ గ్లాసు కింద అడంగల్ పెట్టుకోవడం చూసిన కళ్లు ఇవి. నాకు కావలసినవి ఎలాగూ కంప్యూటర్లోకి ఎక్కించేశారు. ఇంట్లో చూడాలంటే డబ్బు కట్టాలి, అక్కడ కూర్చుని చూస్తే ఊరికే. అందుకే కదా రెండు రోజుల రైలు ఛార్జీలు పోసింది.

ఎవరికి ఏ మెడల్ ఇచ్చారో రాసుకున్న మెడల్ కార్డు ఐదు నిమిషాల్లో దొరికింది. 1915 ఆగస్టులో ఫ్రాన్స్‌లో దిగాడు. ఎనిమిదో బెటాలియన్. పక్కనే పొట్టి అక్షరాల్లో యుద్ధంలో మరణం. తారీఖు 1915 సెప్టెంబరు 25. లోస్ అనే చోట బ్రిటిష్‌వాళ్లు మొట్టమొదట విషవాయువు వదిలిన రోజు అది. గాలి సరిగ్గా లేక కొన్నిచోట్ల అది తిరిగి సొంతవాళ్ల మీదికే వచ్చింది. ఇతనికి సమాధి లేదు, లోస్ స్మారకం గోడ మీద ఇరవై వేల పైచిలుకు పేర్లలో ఒకటి. దిగి రెండు నెలలు కూడా కాలేదు. నేను అబ్బాయి ఇంటికి వచ్చి అంతకంటే ఎక్కువే అయింది.

తర్వాత సర్వీసు కాగితాలు వెతికాను. ఉన్నాయి! తెర మీద మొదటి పేజీ వచ్చింది. అంచులు మాడిన అప్పడంలా గోధుమరంగుగా తిరిగిపోయి ఉన్నాయి. నీళ్లు పడిన మరక సగం పేజీ మింగేసింది. ఆరేడు పేజీలు అలాగే పోయాయి. ఆఖర్న 1919 నాటి ఫారం ఒకటి. చనిపోయిన సిపాయికి బతికున్న బంధువులు ఎవరెవరు, వయసెంత, ఎక్కడుంటారు. కింద చర్చి ఫాదరో మేజిస్ట్రేటో సంతకం పెట్టాలి. అచ్చం మన ఎమ్మార్వో ఆఫీసు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టే. భార్య అన్న చోట గీత, తండ్రి అన్న చోట గీత. తల్లి పేరు, తర్వాత ముగ్గురు చెల్లెళ్లు.

దాని వెనక చిన్న చీటీ. మెడల్ ముట్టినట్టు రసీదు. ఈ మెడల్స్ రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికి పంపేవాళ్లు, తీసుకున్నవాళ్లు సంతకం చేసి వెనక్కి పంపాలి. అంటే మా అక్నాలెడ్జ్‌మెంట్ కార్డే! ఉద్యోగంలో అలాంటివి ఎన్ని వేలు కట్టలు కట్టానో. కింద తల్లి సంతకం. పేరులో రెండో అక్షరం దగ్గర సిరా ముద్ద కట్టింది, కలం అక్కడ ఆగినట్టుంది. ఆ కాగితం అంచు కూడా కాలింది కానీ మంట సంతకం దాకా రాలేదు.

ఉద్యోగం కొత్తలో తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరంలో పెన్షన్ మనియార్డర్లు పంచేవాణ్ణి. ఇంటికొక సిపాయి ఉన్న ఊరది. ఒక మామ్మగారు వేలిముద్ర వేసి, డబ్బు లెక్కపెట్టుకుని, పోపుల డబ్బా అడుగు నుంచి ఒక బిళ్ల తీసి చూపించింది. "మీ తాతగారిది నాయనా, బర్మాలో ఇచ్చారు" అంది. బాగుందండీ మామ్మగారూ అని చెప్పి సైకిలెక్కాను. రెండో యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ల మెడల్స్ మీద పేర్లు వేయలేదట, మన ఇండియా సైన్యానికి ఇచ్చినవాటి మీద వేశారట. పెద్దాయన చెబితేనే తెలిసింది. ఆ రోజు అంచు తిప్పి చూస్తే నెంబరు, పేరు, పటాలం ఉండేవి. చూడాలని తెలియదు.

ఫారంలో ఉన్న అడ్రసు రెడింగ్‌దే. ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీదున్న ఒక సందు. నేను పదిహేడో నెంబరు బస్సెక్కి కరివేపాకు కోసం వెళ్లే కొట్టుకి రెండు సందుల అవతల.

బుధవారం వెళ్లాను. ఒకదాన్నొకటి ఆనుకున్న ఎర్ర ఇటుక ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ రంగురంగుల చెత్త డబ్బాలు. తలుపుకి ఉత్తరాలు వేసే సందు ఉంది, అందులోంచి పిజ్జా కాగితాలు సగం బయటికి వేలాడుతున్నాయి. మెడల్ పెట్టె అందులో పట్టేదేమో. అయినా రిజిస్టర్డ్ కనుక తలుపు కొట్టాలి, ఆవిడ వచ్చి తీయాలి, గుమ్మంలోనే నిలబడి సంతకం పెట్టాలి. అలా ఎంతసేపు చూశానో, లోపలి నుంచి ఒక కుర్రాడు హెల్మెట్ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. భోజనాలు డెలివరీ చేసేవాడు. నన్ను ఎగాదిగా చూసి "పార్సిలా?" అన్నాడు.

మెడల్ జేబులోనే ఉంది. "కాదు బాబూ, రాంగ్ అడ్రస్" అన్నాను.

కొట్లో రెండు రెమ్మలు కరివేపాకు ఒక పౌండు పైనే తీసుకున్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పి, పెద్దాయన మాట కూడా చెప్పాను, ఇక దీన్ని తోమకూడదని.

"వాళ్లమ్మ తోమిందిగా" అంది.